అణా టిఫిన్ నేర్పిన పాఠం

(సర్ పిట్టి త్యాగరాయ శెట్టి స్మృతికి అంకితంగా చెన్నైలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)

పెళ్ళి పట్టుచీర కొనాలన్నా, నగలు చూడాలన్నా చెన్నైకి వచ్చిన తెలుగువాళ్ళు ముందు అడిగేది టీనగర్‌కు దారి. ఆ పేరులోని ‘టీ’ త్యాగరాయ. నేతపని కులవృత్తిగా గల దేవాంగుల ఇంట 1852లో పుట్టి, తెలుగు మాతృభాషగా పెరిగి, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయ శెట్టి పేరు మీదే ఆ పేట వెలిసింది. జస్టిస్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరిగా, 1920లో ప్రభుత్వాధికారం చేతికందినా తనకు వద్దన్న నాయకుడిగా ఆయన చరిత్రలో నిలిచారు. బడిపిల్లలకు ఆయన పెట్టించిన టిఫిన్ సంగతి మాత్రం ఆ చరిత్రలో ఒకటి రెండు వాక్యాలతో సరి. ఈ ఉపన్యాసం ఆ టిఫిన్ గురించి, వందేళ్ళ తరువాత కూడా అది చెబుతున్న పాఠం గురించి.

1920 సెప్టెంబరులో మద్రాసు కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిన్ పెట్టాలి. ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదు. అక్కడ చదివేవాళ్ళు నిరుపేదలని, పేదరికం వల్లే బడిలో పిల్లల సంఖ్య నిలవడం లేదని త్యాగరాయ శెట్టి సభకు చెప్పారు. తరువాత మరో నాలుగు బడులకూ ఈ ఏర్పాటు విస్తరించింది. 1922-23లో ఆ అయిదు బడుల్లో కలిపి 811 మంది పిల్లలుండేవారు. 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. అణా ఖర్చుకు బడి రెండింతలైంది.

1925 ఏప్రిల్ 1న ఆ టిఫిన్ ఆగిపోయింది. ప్రాథమిక విద్యానిధి నుంచి తిండి ఖర్చు పెట్టడానికి వీల్లేదని ఆనాటి ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. త్యాగరాయ శెట్టి కన్నుమూసింది కూడా 1925లోనే. రెండేళ్ళకు, 1927లో, 25 బడుల్లో వెయ్యిమంది పేదపిల్లలకు కార్పొరేషన్ మళ్ళీ పెట్టడం మొదలుపెట్టింది. ఆ తరువాతి కథ తమిళనాట అందరికీ తెలిసిందే. 1956లో ముఖ్యమంత్రి కామరాజ్ బడిలో మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటికీ తెచ్చారు. 1982 జులై 1న ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించి, బడిలో అడుగుపెట్టని పసివాళ్ళను కూడా ఆ పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ భోజనంలో గుడ్డు 1989లో పక్షానికి ఒకటిగా మొదలై, 2010 నాటికి బడిరోజుకు ఒకటైంది. 2022 సెప్టెంబరు 15న మదురైలో ఉదయపు టిఫిన్ మొదలైంది; మొదటి విడతలో 1,545 బడులు, సుమారు 1.14 లక్షల మంది పిల్లలు. 2025 ఆగస్టు 26న అది పట్టణాల్లోని ఎయిడెడ్ బడులకూ వచ్చింది. ఆ ప్రారంభ సభ జరిగింది చెన్నై మైలాపూరులో. థౌజండ్ లైట్స్ అక్కడికి ఎంతో దూరం కాదు.

త్యాగరాయ శెట్టి కాలంలో ప్రశ్న ఒక్కటే: పిల్లవాడు తిన్నాడా, లేదా? ఇప్పుడు దాని పక్కన మరొకటి వచ్చి నిలబడింది: ఏం తిన్నాడు?

కడుపు నిండినంత మాత్రాన ఒళ్ళు నిండదని లెక్కలు చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత. తమిళనాడులో 57.4, ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం. ఇది పేదిళ్ళకే పరిమితమైన జబ్బు కాదు. ఫ్రిజ్ నిండా సరుకులున్న ఇళ్ళలోనూ పాలిపోయిన కళ్ళ పిల్లలున్నారు. అదే సర్వేలో అయిదేళ్ళ లోపు వయసులోనే అధిక బరువున్న పిల్లలు అంతకు ముందు సర్వేలోని 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. ఒకే వీధిలో ఒక ఇంట్లో బక్కచిక్కిన పిల్ల, పక్కింట్లో బొద్దుగా ఉండి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లవాడు. ఇద్దరికీ కరవైనవి ఒకటే: పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు.

రుచి ఎక్కడ పుడుతుంది

“మావాడికి కూరలు పడవండీ” అనే మాట వినపడని ఇల్లు లేదు. అదేదో పుట్టుకతో వచ్చిన లక్షణమన్నట్టు తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. తీపి మీద ఇష్టం, చేదు మీద అయిష్టం పుట్టుకతో వచ్చే మాట నిజమే. మిగతా ఇష్టాలు చాలావరకు నేర్పితే వచ్చేవి.

ఆ నేర్పడం గర్భంలోనే మొదలవుతుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా, ఆమె సహచరులు కొందరు తల్లులకు గర్భం చివరి నెలల్లోనో, పాలిచ్చే తొలి నెలల్లోనో క్యారెట్ రసం తాగించారు. ఆ పిల్లలకు తరువాత క్యారెట్ రసం కలిపిన జావ పెడితే, మిగతా పిల్లలకంటే తక్కువగా మూతి ముడిచారు. 2001లో అచ్చయిన అధ్యయనం ఇది. కడుపుతో ఉన్న కోడలికి, బాలింతకు అది తినకూడదు ఇది తినకూడదని పథ్యాల పట్టిక చదివే ఇళ్ళు దీన్ని పట్టించుకోవాలి. డాక్టరు వద్దన్నవి తప్ప, తల్లి ఎన్ని రకాల కూరలు తింటే బిడ్డ నాలుకకు అన్ని రుచులు ముందే పరిచయమవుతాయి.

రెండోది ఓపిక. అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ బర్చ్ 1980లలో రెండేళ్ళ పిల్లలకు వాళ్ళెన్నడూ తినని పదార్థాలను మళ్ళీ మళ్ళీ రుచి చూపించారు. ఎన్నిసార్లు రుచి చూస్తే అంతగా ఇష్టం పెరిగింది. చూస్తే చాలదు, నాలుకకు తగలాలి. మన ఇళ్ళలో మూడోసారికే చేతులెత్తేస్తాం. బీరకాయ వద్దని పిల్లవాడు మూడుసార్లు తల తిప్పితే, ఇక ఆ ఇంట్లో బీరకాయ పెద్దవాళ్ళ కూర. పదిసార్లయినా పెట్టి చూడాలి. చెంచాడు చాలు, తినకపోతే రాద్ధాంతం చెయ్యకుండా తీసెయ్యాలి, నాలుగు రోజులాగి మళ్ళీ పెట్టాలి.

మూడోది ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు. 1926లో క్లారా డేవిస్ అనే అమెరికన్ పిల్లల వైద్యురాలు అప్పుడే పాలు మానుతున్న పసివాళ్ళ ముందు పళ్ళెం నిండా రకరకాల గిన్నెలు పెట్టించారు. పాలు, గుడ్లు, మాంసం, కాలేయం, ధాన్యాలు, దుంపలు, ఆకుకూరలు, పండ్లు: మొత్తం 30కి పైగా పదార్థాలు. పక్కన కూర్చున్న నర్సు తినమని అనకూడదు, వద్దనీ అనకూడదు. పిల్ల దేనికి చెయ్యి చాపితే అది చెంచాతో అందించాలి. పదిహేను మంది పిల్లలు కొన్ని నెలల నుంచి నాలుగేళ్ళకు పైగా ఇలా పెరిగారు. ఒక్కొక్కరి ఎంపిక ఒక్కో తీరు. అందరూ ఆరోగ్యంగా ఎదిగారు. రికెట్స్‌తో వచ్చిన ఒక పసివాడు తన ముందున్న కాడ్‌లివర్ నూనెను తనంతట తానే తాగుతూ వచ్చి, జబ్బు నయమయ్యాక మానేశాడు.

పిల్లల ఒంటికే అన్నీ తెలుసునని ఆ కథను చెప్పుకునేవాళ్ళున్నారు. అసలు కిటుకు పదార్థాల జాబితాలో ఉందని 1939లో డేవిసే వివరించారు. ఆ పళ్ళెంలో చక్కెర లేదు, మైదా లేదు, డబ్బా సరుకు లేదు. ఏది ఎంచుకున్నా మంచిదే అయ్యేలా జాబితా రాసింది పెద్దవాళ్ళు. ఆ తరువాత ఎంత తినాలో పిల్లలకు వదిలేశారు. త్యాగరాయ శెట్టి, ఆయన కార్పొరేషన్ చేసింది కూడా ఇదే. పళ్ళెంలోకి ఏది రావాలన్నది పెద్దల బాధ్యతని ఒప్పుకున్నారు.

అన్నప్రాసన తరువాత

తెలుగిళ్ళలో ఆరో నెలలో అన్నప్రాసన చేస్తారు. పీటల మీద పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి బిడ్డను పాకనిస్తారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి పాయసం నాలుకకు రాస్తారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఆ తరువాత పాలతో పాటు ఇతర ఆహారం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటకు ఈ ఆచారం దాదాపుగా సరిపోతుంది. చిక్కు మర్నాటి నుంచి మొదలవుతుంది. పప్పు మీది తేట, చారు నీళ్ళు, మెత్తటి అన్నం, బిస్కట్టు నానేసిన పాలు. నెలల తరబడి అంతే. పైన చెప్పిన జాతీయ సర్వే ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో కనీస స్థాయి ఆహారం, అంటే తగినన్ని రకాలు తగినన్ని సార్లు, అందుతున్నది దేశం మొత్తం మీద 11.3 శాతం మందికే.

తేట బదులు మెదిపిన ముద్దపప్పు, అందులో కాస్త నెయ్యి, మెత్తగా ఉడికిన పాలకూర. ఉడికించిన గుడ్డు, చిదిమిన అరటిపండు, రాగిజావ. ఇవి ఏ బజారులోనైనా దొరికేవే. ఏడాది లోపు తేనె పెట్టకూడదు, ఉప్పూ చక్కెరా అక్కర్లేదు. వేరుశనగ గింజల్లాంటివి గొంతుకడ్డం పడతాయి గనుక నాలుగయిదేళ్ళు వచ్చేదాకా పొడి చేసి కలపాలి.

గోరుముద్దకూ ఫోనుకూ మధ్య

అన్నం తినని పిల్లను చంకనెత్తుకుని పెరట్లోకో డాబా మీదికో వెళ్ళి, చందమామను చూపి గోరుముద్దలు పెట్టడం తెలుగుతల్లికి పుస్తకం చెప్పని విద్య. ఆ చందమామ పేరుతోనే 1947లో ఈ మద్రాసు నుంచే పిల్లల పత్రిక వచ్చింది. ఇప్పుడు అపార్ట్‌మెంటు సోఫాలో ఫోను చూపి ముద్ద పెడుతున్నారు. రెండూ మాయ చేసి తినిపించడమే కదా అని అనిపించవచ్చు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. చందమామ దగ్గర తల్లి పిల్ల కళ్ళలోకి చూస్తుంది, మాట్లాడుతుంది, పిల్ల మొహం తిప్పుకోగానే చెయ్యి ఆగుతుంది. ఫోను దగ్గర పిల్ల కళ్ళు తెర మీద, తల్లి చెయ్యి నోటి దగ్గర. ఏం తింటోందో పిల్లకు తెలియదు, ఎప్పుడు చాలయిందో తల్లికి తెలియదు. పప్పన్నాన్ని అయిదు వేళ్ళతో పిసికి, సగం ఒంటికి పూసుకుని, ఒక మెతుకు నోట్లో వేసుకునే ఏడాది పిల్ల ఆ పూట తక్కువే తింటుంది కానీ తినడం నేర్చుకుంటుంది. నేల తుడుచుకోవడం ఆ చదువుకు మనం కట్టే ఫీజు.

“ఇది నాన్న ముద్ద, ఇది తాతయ్య ముద్ద” అంటూ నవ్వుతూ పెట్టే ఒకటి రెండు ముద్దలతో నష్టం లేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వకపోవడంతోనే నష్టం. 2006లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు సూపు ఇచ్చి, ఒక సూపు విషయంలో ‘పూర్తిచెయ్యి’ అని ఒత్తిడి పెట్టారు, మరొక దాని ఊసెత్తలేదు. ఒత్తిడి పెట్టిన సూపును పిల్లలు తక్కువ తాగారు, దాన్ని ఎక్కువ తిట్టుకున్నారు. ‘కూర తింటే చాక్లెట్’ అన్న బేరమూ అంతే. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని పిల్లకు మనమే చెప్పినట్టవుతుంది.

ఒత్తిడీ బేరమూ లేకుండా తినిపించే పని బడిలో సులువుగా జరుగుతుంది. తమిళనాడు బడుల ఉదయపు టిఫిన్‌లో సోమవారం ఉప్మా, సాంబారు. బారుగా కూర్చున్న పిల్లల పళ్ళాల్లో అందరికీ అదే సాంబారు, అవే గుమ్మడి ముక్కలు. ఇంట్లో గుమ్మడి ముక్కను వేలితో పక్కకు నెట్టే పిల్లవాడు ఎదుటివాడు నమలడం చూసి నోట్లో వేసుకుంటాడు. ఎవరూ తినమనలేదు. పంక్తి తినిపించింది. తల్లీ తండ్రీ ఎవరి వేళకు వాళ్ళు, ఎవరి తెర ముందు వాళ్ళు తినే ఇళ్ళలో పిల్లలకు దక్కనిది ఈ పంక్తే. రోజుకు ఒక్క పూటయినా ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని, ఒకే కూర తింటే ఆ లోటు తీరుతుంది. తండ్రి పళ్ళెంలో కాకరకాయ లేకుండా కొడుకు పళ్ళెంలోకి రాదు.

బడి గేటు బయట

సాయంత్రం బడి వదిలాక చెన్నైలో ఏ గేటు దగ్గరైనా పెట్టెకొట్టు ముందు తోరణాల్లా వేలాడే రంగురంగుల ప్యాకెట్లు కనిపిస్తాయి. పిల్లల చెయ్యి అందే ఎత్తులోనే ఉంటాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువైన సరుకులను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమం చేసింది. తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ నియమం ఉన్నట్టే తెలియదు. తెలిస్తే అడుగుతారు, అడిగితే అమలవుతుంది.

చక్కెర లెక్క ఒకసారి వేసి చూడాలి. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 1,360 కిలోకేలరీలు కావాలని భారత వైద్య పరిశోధనా మండలి అంచనా. విడిగా కలిపిన చక్కెర అందులో పదో వంతు లోపుండాలి, ఇరవయ్యో వంతు లోపుంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇరవయ్యో వంతంటే 17 గ్రాములు, సుమారు నాలుగు చిన్న చెంచాలు. 200 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కదానిలోనే 20 గ్రాములు దాటుతుంది. పాలలో కలిపే పొడులను ‘హెల్త్ డ్రింక్స్’ అనే వర్గం కింద అమ్మవద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. చట్టంలో ఆ పేరుకు నిర్వచనమే లేదు. 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలే గోడ మీద చదువుకుంటారు. ఇది మంచి అడుగు. ఆ బోర్డు వంటింట్లోనూ ఉండాలి.

ప్యాకెట్టు లాక్కుంటే చాలదు, దాని స్థానంలో చేతికి ఏదో ఒకటి అందించాలి. ఈ ఊళ్ళో అందుకు కొదవ లేదు. మెరీనా ఇసుకలో కాగితం పొట్లంలో కట్టిచ్చే బఠాణీ సుండల్ ఉంది, నవరాత్రుల్లో కొలువు చూడవచ్చిన పిల్లలకు పంచే గుగ్గిళ్ళున్నాయి. ఆడి మాసంలో అమ్మవారి గుళ్ళ దగ్గర పోసే రాగి అంబలి ఉంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. అంతే బరువు ఆవుపాలలో సుమారు 120. నువ్వుండలు, పల్లీపట్టి, మరమరాల ఉండ, ఉడకేసిన మొక్కజొన్న, జామకాయ. వీటిలో కొన్నింటిలో బెల్లం ఉంటుంది, అది కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది. దానితో పాటు నువ్వులు, పల్లీలు లోపలికి వెళతాయి గనుక వారంలో రెండు మూడుసార్లయితే మంచిదే.

ఆకుకూర చరిత్ర

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధికి పోగొట్టుకున్నారు. అదే వ్యాధి తననూ పడగొడితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుంచి కొద్దిపాటి పోషకాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు, ఒకరకం రక్తహీనతకు అది మందైంది. నేడు గర్భిణులకిచ్చే మాత్రల్లో ఉన్నది అదే.

ఇదే మద్రాసు కాలేజీలో చదివిన పోషకాహార శాస్త్రజ్ఞుడు సి. గోపాలన్ కూనూరులోని పోషకాహార ప్రయోగశాలలోనూ, అది తరలివెళ్ళాక హైదరాబాదులోనూ పిల్లల పోషణ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ ప్రయోగశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. విటమిన్ ఏ లోపంతో పసివాళ్ళు చూపు పోగొట్టుకోకుండా ఆరు నెలలకొకసారి చుక్కలమందు ఇచ్చే జాతీయ పథకం 1970లో మొదలైంది. దాని వెనుక ఉన్నది ఆయన నడిపిన సంస్థే. అయినా శాశ్వతమైన మందు పెరటి ఆకుకూరేనని ఆయన చెబుతూనే వచ్చారు.

మునగాకు, తోటకూర, పాలకూర, గోంగూర చెన్నై వీధుల్లో పొద్దున్నే తోపుడుబండి మీద ఇంటి గుమ్మం ముందుకే వస్తాయి. వాటిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పప్పులో నిమ్మరసం పిండాలి. అన్నం వెంటనే టీ, కాఫీ ఇవ్వకూడదు. ఆకుకూరను పిల్లలు గుర్తుపట్టకుండా రుబ్బి దాచిపెట్టే తల్లులున్నారు. అప్పుడప్పుడైతే తప్పులేదు. ఆకు ఆకులా కనబడాలి, పిల్లలు దాన్ని పేరుపెట్టి పిలవాలి. కూరలబండి దగ్గరకు పిల్లను వెంట తీసుకెళ్ళి కట్ట ఎంచమనడం, తోటకూర కాడలు తుంచే పని అప్పజెప్పడం అందుకు మంచి దారులు. తను తుంచిన కూరను రుచి చూడాలని ఏ పిల్లకైనా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి నేడు డొక్కా సీతమ్మ పేరుంది. గోదావరి లంకలో వేళగాని వేళ వచ్చిన వారికి కూడా వండిపెట్టిన ఇల్లాలు ఆమె. ఇటు మద్రాసులో సభ చేత తీర్మానం చేయించి పెట్టించిన నగరపాలకుడు త్యాగరాయ శెట్టి. పిల్లల తిండికి ఈ రెండు చేతులూ కావాలి. బడి పంక్తిలో గుడ్డు, పప్పు, కూరగాయ తగ్గకుండా చూసుకోవాల్సింది ప్రభుత్వాలు. అంగన్‌వాడీకీ బడికీ వెళ్ళి, వండినది ఒక్కసారైనా రుచి చూసి రావాల్సింది తల్లిదండ్రులు.

ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళే తల్లులకు, తండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు ఒక్కటే విన్నపం. ఈ రాత్రి భోజనాల దగ్గర ఫోన్లు పక్క గదిలో పెట్టండి. పిల్లల పళ్ళెంలో ఒక చెంచాడు ఆకుకూర పప్పు వెయ్యండి, మీ పళ్ళెంలోనూ అదే వేసుకోండి. తింటే సంతోషం. తినకపోతే బతిమాలకండి, కసరకండి. ఎల్లుండి మళ్ళీ పెట్టండి.